జెట్ స్కీని ట్రైలర్ మీద లాక్కెళ్లడం ఎలా: కోనసీమ రోడ్ల లెక్క

ఎదుర్లంక బ్రిడ్జి మీద, యానాం దాటి కోనసీమ వైపు వస్తున్నాను. ముందున్న కొబ్బరికాయల లారీని దాటేద్దామని కాస్త గట్టిగా తొక్కాను. స్పీడు డెబ్బై దాటిందో లేదో, కారు వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని అటూ ఇటూ ఊపుతున్నట్టు అనిపించింది. అద్దంలో చూస్తే ట్రైలర్ పాములా మెలికలు తిరుగుతోంది. దాని మీద జెట్ స్కీ, అదే నీళ్ల మీద తోలే మోటారు బండి, కింద గౌతమి గోదావరి. బ్రేక్ మీదికి వెళ్లబోయిన కాలు ఆగిపోయింది. తెలిసి ఆపానో, భయంతో బిగుసుకుపోయానో ఇప్పటికీ చెప్పలేను. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని కూర్చున్నాను. నలభైకి దిగేసరికి ఊపు దానంతటదే ఆగింది.

ఒడ్డు చేరాక ఆపి చూశాను. బెల్టులన్నీ బిగువుగానే ఉన్నాయి, జెట్ స్కీ అంగుళం కదల్లేదు. తప్పంతా ట్రైలర్‌దే. వెల్డింగ్ షాపులో ఇరుసుని ఫ్రేముకి సరిగ్గా నడిమధ్యన వేసిచ్చారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది కానీ, బరువు వెనక్కి పడి, ట్రైలర్ ముందు కొస తేలిపోయింది. డబ్బులిచ్చి తెచ్చుకునేటప్పుడు రంగు చూశాను తప్ప ఇరుసు ఎక్కడుందో చూడలేదు.

లక్షలు పోసి జెట్ స్కీ కొన్నవాళ్లు కూడా ట్రైలర్ దగ్గరికొచ్చేసరికి ఏదో ఒకటిలే అనుకుంటారు. రోడ్డు మీద పరుగెత్తేది జెట్ స్కీ కాదు, ఆ రెండు చిన్న చక్రాలు. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఎక్కువగా వాటి గురించే.

ముందు బరువు లెక్క వేయండి

మధ్యరకం జెట్ స్కీ 300 కిలోలు అనుకుందాం. ట్యాంకులో 40 లీటర్ల పెట్రోలు ఉంటే మరో 30 కిలోలు. ట్రైలర్ 150. లైఫ్ జాకెట్లు, తాళ్లు, స్టెప్నీ కలిపి 20. మొత్తం 500 కిలోలు. మీ కారు పుస్తకంలో బ్రేకులు లేని ట్రైలర్‌ని ఎంత బరువు వరకు లాగొచ్చో రాసి ఉంటే ఆ అంకె చూడండి. ఈ కారుతో ట్రైలర్ లాగొద్దని కంపెనీ చెబితే వద్దు, అంతే. పేరున్న కారైనా సరే, బంపర్‌కి బోల్టులేసి బిగించిన హుక్కుతో లాగకండి. హుక్కు కారు ఛాసిస్‌కి పట్టి ఉండాలి. బురదలో దిగబడ్డప్పుడు తాడు కట్టి లాగడానికి కంపెనీవాళ్లు ఇచ్చే కొక్కెం ట్రైలర్ కోసం కాదు.

కాగితాల సంగతి ఒక్క మాట. 1988 మోటారు వాహనాల చట్టం లెక్కలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికి విడిగా రిజిస్ట్రేషన్, నెంబరు ప్లేటు ఉండాలి. కారు నెంబరే వెనకాల పెయింటుతో రాయించేస్తే సరిపోదు. యానాం మీదుగా వెళ్తే పుదుచ్చేరి పరిధిలోకి వెళ్లి బయటికి వస్తారు కాబట్టి ఆర్సీ, ఇన్సూరెన్సు చేతికందేలా పెట్టుకోండి.

ముక్కు బరువు

ట్రైలర్ ముందు భాగం, అంటే కారు హుక్కు మీద కూర్చునే ముక్కు, హుక్కుని కొంత కిందికి నొక్కాలి. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం అక్కడ పడాలి. మన 500 కిలోల లెక్కకి 50 నుంచి 75 కిలోలు, అంటే హుక్కు మీద కనీసం ఒక డీఏపీ ఎరువు బస్తా (50 కిలోలు) పెట్టినంత. హుక్కు ఎంత మోయగలదో దాని ప్లేటు మీద ఉంటుంది, అదీ దాటకూడదు. ముక్కు బరువు 10 శాతం కంటే తక్కువైతే నా ఎదుర్లంక కథే. మరీ ఎక్కువైతే కారు వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతుంది.

కొలవడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ తీసుకోండి. జెట్ స్కీని ప్రయాణానికి ఎలా కడతారో అలాగే కట్టి, పెట్రోలు కూడా ప్రయాణానికి ఉండేంతే ఉంచి, ట్రైలర్‌ని చదునైన సిమెంటు నేల మీద పెట్టండి. చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టండి. ముక్కు కింద, కారు హుక్కు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకి సరిపోయే చెక్కదుంగ నిలబెట్టి, దాన్ని మిషన్ మీద ఉంచండి. చెక్క బరువు తీసేసి అంకె చూడండి. నేను మొదటిసారి కొలిస్తే 18 కిలోలు వచ్చింది. మా అమ్మాయి స్కూలు బ్యాగు, టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా కలిపి తూస్తే దానికి సగం ఉంటాయి. దాన్ని నమ్ముకుని లారీని దాటేద్దామనుకున్నాను.

తక్కువగా ఉంటే జెట్ స్కీ ముందు భాగం ఆనే వించి (జెట్ స్కీని ట్రైలర్ మీదికి లాగే చేతి చక్రం) స్తంభాన్ని నాలుగంగుళాలు ముందుకి జరిపి మళ్లీ కొలవండి. అలా జరిపినప్పుడు ఇంకో సంగతి చూడాలి. జెట్ స్కీ అడుగు ఆనే కార్పెట్ చుట్టిన చెక్కలు వెనక చివరిదాకా దాన్ని మోస్తున్నాయా లేదా అని. వెనక భాగం గాల్లో వేలాడితే నెలల తరబడి కుదుపులకి ఫైబర్ వంగుతుంది. నీళ్లు పీల్చుకునే జాలీ సరిగ్గా చెక్క మీదికి రాకూడదు. వించి జరిపినా అంకె రాకపోతే ఇరుసుని వెనక్కి జరిపించడమే దారి. నేను చేయించింది అదే, కాకపోతే వేరే షాపులో.

తగిలించడం

కారు హుక్కు చివర గుండుని బాల్ అంటాం. మన దగ్గర దొరికేది ఎక్కువగా 50 మిల్లీమీటర్లది. బయటి నుంచి దిగుమతైన పాత ట్రైలర్లకి ఒక్కోసారి 47.6 మిల్లీమీటర్ల కప్పు ఉంటుంది. పెద్ద బాల్ చిన్న కప్పులో దూరదు కాబట్టి గొడవ లేదు. ప్రమాదమంతా రెండోదాంతోనే: చిన్న బాల్ మీద పెద్ద కప్పు చక్కగా కూర్చున్నట్టే కనిపిస్తుంది, లాక్ కూడా పడుతుంది, ఊళ్లో మూడో స్పీడ్‌బ్రేకర్ దగ్గర ఎగిరిపోతుంది. రెండింటి మీదా సైజు చెక్కి ఉంటుంది. మట్టి తుడిచి చదవండి.

లాక్ వేశాక దాని పిన్ను పెట్టండి. ఆ తర్వాత ముక్కు కిందున్న జాకీ చక్రాన్ని తిప్పుతూ ట్రైలర్‌ని పైకి లేపండి. ముక్కుతో పాటు కారు వెనక భాగం కూడా రెండు అంగుళాలు లేచిందంటే లాక్ పట్టినట్టు. కప్పు ఒక్కటే లేస్తే పట్టలేదు. అర నిమిషం పని. నేనెప్పుడూ మానను.

సేఫ్టీ చెయిన్లు రెండూ ముక్కు కింద ఇంటూ గుర్తులా అడ్డంగా వేయండి. లాక్ ఊడినా ముక్కు రోడ్డుకి గుచ్చుకోకుండా ఆ ఉయ్యాలలో పడుతుంది. మలుపు తిరగడానికి సరిపడా వదులు ఉండాలి కానీ, రోడ్డు రాసుకునేంత కాదు. జాకీ చక్రాన్ని పూర్తిగా పైకి మడవండి. ఏటిగట్టు ఎక్కి దిగేటప్పుడు గట్టు నడినెత్తిన మొదట తగిలేది అదే. లైట్ల ప్లగ్ పెట్టి బ్రేక్, రెండు ఇండికేటర్లు ఒకసారి చూసుకోండి. లైటు మిణుకుమంటే బల్బు మార్చే ముందు ఎర్త్ వైరు తుప్పు పట్టిందేమో చూడండి, నూటికి తొంభై సార్లు అదే.

కట్టడం

మన కోనసీమలో ఏది కట్టాలన్నా చేయి ముందు కొబ్బరి తాడు మీదికే పోతుంది. ఈ ఒక్కదానికి వద్దు. కొబ్బరి తాడు కుదుపులకి సాగి వదులవుతుంది. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది. మీట ఆడిస్తూ బిగించే పాలిస్టర్ రాచెట్ బెల్టులే వాడండి.

ముందు భాగంలో కిందున్న రింగుకి వించి పట్టీ. దానికి తోడు అదే రింగుకి విడిగా ఒక చిన్న చెయిన్ కూడా, ఎందుకంటే వించి పళ్లు జారితే పట్టుకునేది అదే. వెనక రెండు మూలలా ఉన్న రింగులకి రెండు విడివిడి బెల్టులు, ట్రైలర్ ఫ్రేముకి కిందికి లాగేలా. హ్యాండిల్‌కి కట్టకండి. సీటు మీంచి బెల్టు వేసి బిగిస్తే సీటు చిరుగుతుంది, బండి మాత్రం కదులుతూనే ఉంటుంది. బిగించేటప్పుడు ఫైబర్ కిర్రుమనేంతగా లాగకండి. జెట్ స్కీని పట్టుకుని ఊపితే ట్రైలర్ కూడా కలిసి ఊగాలి, అంతవరకు చాలు. పొడుగు బెల్టుకి ఒక పురి వేస్తే గాలికి బుర్రుమని మోగదు. మిగిలిన కొసని ముడివేసి కట్టేయండి, లేకపోతే అది పోయి చక్రంలో చుట్టుకుంటుంది.

సీటు క్లిప్పు పడిందా, ముందు డబ్బా మూత మూసుందా చూడండి. తాళం, లాన్యార్డ్ (నడిపేవాడు చేతికి కట్టుకునే తాడు, అతను పడిపోతే ఇంజిన్ ఆగిపోతుంది) తీసి జేబులో వేసుకోండి. అడుగున నీళ్లు పోయే ప్లగ్గులు ప్రయాణంలో తీసే ఉంచుతాం కాబట్టి వాటిని ఆ తాళానికే కట్టుకోండి. అప్పుడు ప్లగ్గులు కళ్లబడకుండా బండి స్టార్ట్ చేయడం మీవల్ల కాదు. ఇంకోటి, ఊళ్లో ఆపితే పిల్లలు జెట్ స్కీ ఎక్కి కూర్చుంటారు, ఫొటో దిగుతారు. ఫొటో వరకు ఫర్వాలేదు. కదిలేటప్పుడు మాత్రం ఒక్కరు కూడా పైన ఉండకూడదు, రేవు వంద గజాలే ఉన్నా సరే.

చక్రం, హబ్బు

చాలా ట్రైలర్లకి 8 అంగుళాల రిమ్ములు ఉంటాయి. కారు చక్రం ఒక చుట్టు తిరిగేలోపు అది దాదాపు ఒకటిన్నర చుట్లు తిరుగుతుంది. బేరింగు వేడంతా అక్కడినుంచే. కొత్తగా చేయించుకునేవాళ్లకి నా సలహా, టాటా ఏస్‌కి వేసే 145 ఆర్ 12 టైర్లు పట్టే రిమ్ములు పెట్టించుకోండి. చక్రం పెద్దది, గుంతలో తక్కువ కూరుకుంటుంది. రాజోలులో పంక్చరైనా, ముమ్మిడివరంలో పగిలినా టైరు దొరుకుతుంది. 8 అంగుళాలే కావాలంటే ఆటో సైజు 4.00-8 అన్నా చూసుకోండి, కానీ టైరు మీద రాసిన లోడు మీ బరువుకి సరిపోవాలి.

గాలి చల్లగా ఉన్నప్పుడే, టైరు పక్కన రాసిన అంకె ప్రకారం కొట్టించండి. కారు టైర్ల లెక్కలో కొట్టేస్తే చాలదు. స్టెప్నీ, దాని నట్లకి సరిపడే స్పానర్ రెండూ ఉండాలి. ఇంటి దగ్గరే ఒకసారి కారు జాకీ ట్రైలర్ ఇరుసు కింద దూరుతుందో లేదో చూడండి. టైరు ఫ్లాట్ అయ్యాక ఇరుసు ఇంకా కిందికి దిగుతుంది, అప్పుడు దూరకపోతే కాలువ గట్టున కూర్చుని ఇటుకలు వెతుక్కోవాలి.

బయల్దేరిన పది, పదిహేను కిలోమీటర్లకి మొదటిసారి ఆగండి. బెల్టులు ఎలాగూ కాస్త వదులవుతాయి, మళ్లీ బిగించండి. అప్పుడే చేతి వెనకభాగాన్ని రెండు హబ్బులకీ (చక్రం మధ్యలో బేరింగు ఉండే భాగం) దగ్గరగా తీసుకెళ్లి, వేడి మరీ కొట్టకపోతే ఆనించండి. గోరువెచ్చగా ఉంటే బావుంది. రెండింటికీ తేడా ఉంటే, లేదా చేయి పెట్టలేనంత కాలితే, గ్రీజు అయిపోయిందో, బేరింగు మరీ బిగువుగా ఉందో అనుకోండి. అలాగే పోనివ్వకండి. ఎండాకాలం మధ్యాహ్నం రోడ్డే కాలుతుంది కాబట్టి ఒక హబ్బుని రెండోదాంతో పోల్చుకోవడమే సరైన కొలత. ఏడాదికి ఒకసారైనా బేరింగులు విప్పించి, నీటికి తట్టుకునే మెరైన్ గ్రీజు పెట్టించండి.

రోడ్డు మీద

స్పీడు 60. అదే నా లెక్క, హైవే ఖాళీగా ఉన్నా సరే. వెనక 500 కిలోలకి సొంత బ్రేకులు లేవు. మీరు తొక్కిన బ్రేకు మీద అది కూడా వచ్చి తోస్తుంది. ముందు బండికి మామూలుగా వదిలే దూరానికి రెట్టింపు వదలండి. మధ్యలో ఆటోవాడు దూరతాడు, దూరనివ్వండి, మళ్లీ వదలండి. పక్కనుంచి పెద్ద లారీ దాటితే మొదట గాలి తోస్తుంది, తర్వాత లాగుతుంది. ట్రైలర్ ఊగడం మొదలైతే బ్రేకు వద్దు, స్టీరింగ్ ఎదురు తిప్పడం వద్దు. కాలు తీసి, తిన్నగా పట్టుకోండి.

డెల్టాలో ఘాట్ రోడ్లు లేవు, ఉన్న ఎత్తుపల్లాలన్నీ బ్రిడ్జి అప్రోచ్‌ల దగ్గర, ఏటిగట్ల దగ్గరే. చించినాడ బ్రిడ్జి దిగేటప్పుడు ముందే గేరు తగ్గించి దిగండి. అసలు టెన్షన్ పెట్టేది కాలువ వంతెనల మలుపులు. కాలువ పక్క రోడ్డు మీంచి వంతెన మీదికి తొంభై డిగ్రీలు తిరగాలి. కారు తిరిగిన దారిలో ట్రైలర్ తిరగదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. కారు సుఖంగా దాటేస్తుంది, లోపలి వైపు చక్రం పిట్టగోడకి తగులుతుంది, లేదా గోడ లేనిచోట గట్టు జారుతుంది. అలాంటిచోట ముక్కు బాగా ముందుకి పోనిచ్చి అప్పుడు తిప్పండి, ఎదుటి బండిని ఆగమని చెయ్యూపండి.

కోతల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పెడతారు. ధాన్యం తీశాక కూడా ఆ రాళ్లు అలాగే ఉంటాయి. కారు టైరు ఎక్కి దిగేస్తుంది, చిన్న చక్రానికి అదే రాయి ఒక గోడ. స్పీడ్‌బ్రేకర్లూ అంతే, ఊరికొక ఎత్తు. కారు దిగాక ట్రైలర్ కూడా దిగేదాకా ఆగి, అప్పుడు తొక్కండి.

నర్సాపురం నుంచి సఖినేటిపల్లి పంటు (బండ్లని గోదావరి దాటించే పడవ) ఎక్కిద్దామా అని అడుగుతుంటారు. అంతర్వేది వైపు వెళ్లడానికి దగ్గరే. కానీ రేవులో పంటు పలక, ఒడ్డు కలిసేచోట ట్రైలర్ ముక్కు నేలకి గీసుకునే అవకాశం ఎక్కువ. నీటిమట్టం బాగా తగ్గి పలక వాలుగా ఉన్నప్పుడు నేనైతే ఎక్కించను, చుట్టు తిరిగైనా బ్రిడ్జి మీంచే పోతాను. ఎక్కిస్తే మాత్రం కారులోవాళ్లని దింపేసి, హ్యాండ్ బ్రేకు వేసి, ట్రైలర్ చక్రాలకీ అడ్డు పెట్టండి.

రేవులో వెనక్కి తోలడం

ఇక్కడే పరువు పోతుంది. రేవులో ఎప్పుడూ పదిమంది ఉంటారు, పదిమందీ సలహాలిస్తారు. నేను మొదటిసారి దిండి దగ్గర అరగంట సేపు ముందుకీ వెనక్కీ అవుతుంటే, గట్టు మీద ట్రాక్టర్ ఆపుకుని చూస్తున్న ఒక పెద్దాయన దిగొచ్చాడు.

"ఆయ్, బాబూ, నువ్వు కారు తోలుతున్నావ్. కారు సంగతి వదిలెయ్. వెనకున్నదాన్ని తోలు."

"అది చెప్పినట్టు వినట్లేదు బాబాయ్."

"మా ట్రాక్టర్ ట్రక్కు గేదె లాంటిది, నెమ్మదిగా వింటది. ఇది మేకపిల్ల. కొంచెం తిప్పితే చాలు, ఎటో గెంతుద్ది."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ముక్కు నుంచి ఇరుసుకి దూరం ఎంత తక్కువైతే ట్రైలర్ అంత త్వరగా అడ్డం తిరుగుతుంది. పద్ధతి ఇది. ఒక చేయి స్టీరింగ్ అడుగు భాగాన, గడియారంలో ఆరు ఉండేచోట పెట్టండి. ట్రైలర్ వెనక భాగం ఎటు వెళ్లాలో చేతిని అటే జరపండి. కుడికి వెళ్లాలంటే కుడికి, ఎడమకైతే ఎడమకి. చాలా కొద్దిగా జరిపి, ట్రైలర్ తిరగడం మొదలవ్వగానే కారుని దాని వెంట తిన్నగా తెచ్చేయండి. మరీ మడిచినట్టయితే పంతానికి పోకుండా ముందుకెళ్లి, తిన్నగా చేసుకుని మళ్లీ రండి. ఖాళీ ట్రైలర్ అద్దాల్లో కనబడనే కనబడదు, అందుకే వెనక రెండు మూలలా నాలుగడుగుల పీవీసీ గొట్టాలు నిలబెట్టించుకోండి. కోత అయిపోయిన పొలంలోనో, సెలవు రోజు స్కూలు గ్రౌండులోనో ఒక సాయంత్రం ప్రాక్టీసు చేస్తే చాలు.

నీళ్లలోకి దింపే ముందు పదిహేను, ఇరవై నిమిషాలు ఆగండి, టీ తాగండి. వేడెక్కిన హబ్బు ఒక్కసారి చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, సీలు సందుల్లోంచి నీటిని లోపలికి పీలుస్తుంది. సముద్రం దగ్గర్లో అది ఉప్పునీరు, బేరింగు ఆయుష్షు అక్కడితో సరి. ఆ టైములోనే లైట్ల ప్లగ్ పీకేయండి, వెనక బెల్టులు విప్పండి, అడుగు ప్లగ్గులు బిగించండి. ముందు వించి, చెయిన్ మాత్రం జెట్ స్కీ వెనక భాగం నీళ్లలోకి దిగేదాకా విప్పొద్దు. వాలు మీద విప్పితే జెట్ స్కీ సిమెంటు మీదికి జారిపోతుంది. కారుకీ ట్రైలర్‌కీ మధ్య గానీ, ట్రైలర్ వెనక గానీ ఎవరినీ నిలబడనివ్వకండి. మెట్లున్న స్నానాల రేవులు దీనికి పనికిరావు. ఇసుక గట్టిగా ఉన్న వాలు చూసుకోండి, ముందు మీరే కాలితో నడిచి చూడండి. కనీసం మూడడుగుల లోతుకి తోసుకెళ్లాకే ఇంజిన్ స్టార్ట్ చేయండి, లేకపోతే ఇసుక పీల్చేస్తుంది.

పోటు (నీరు పెరగడం), పాటు (నీరు తీయడం) లెక్క మరిచిపోకండి. పోటు మీద దింపి, పాటు మీద తిరిగొస్తే పొద్దున నీళ్లున్నచోట సాయంత్రం మోకాలి లోతు ఒండ్రు ఉంటుంది. రేవులో వలలు బాగుచేసుకునేవాళ్లని అడిగితే ఎన్నింటికి నీరు తీస్తుందో చెబుతారు. వరద రోజుల్లో అసలు బయల్దేరకండి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, కానీ నీళ్లు ఎర్రబడి దుంగలు కొట్టుకురావడం అంతకు ముందే మొదలవుతుంది.

ఇంటికొచ్చాక

మంచినీళ్లతో ట్రైలర్‌ని కడగండి, ముఖ్యంగా ఇరుసు, స్ప్రింగులు, వించి, లైట్ల వెనక భాగం. జెట్ స్కీని ఎలాగూ కడుగుతారు, ట్రైలర్‌ని మరిచిపోతారు. బెల్టులు కూడా ఉప్పు పోయేలా తడిపి, నీడలో ఆరేయండి. ఎక్కువ రోజులు వాడకపోతే ఇరుసు కింద దిమ్మలు పెట్టి టైర్లని నేలకి తగలకుండా లేపండి.

ఎక్కడ పెట్టినా ఫర్వాలేదు, కొబ్బరి చెట్టు కింద మాత్రం వద్దు. నీడ బాగుందని నేను పెట్టాను. ట్రైలర్‌కి గీత పడలేదు. జెట్ స్కీ ముందు మూత మీద కాయ సైజులో గుంట పడింది, ఆ కాయని మా ఆవిడ సాయంత్రం పచ్చడికి కొట్టేసింది.